బొమ్మకారు విప్పాలంటే: రివెట్, జింక్, 64

హాట్ వీల్స్ కారునో మ్యాచ్‌బాక్స్ కారునో తిరగేసి చూస్తే అడుగున ముందొకటి, వెనకొకటి గుండ్రటి బొడిపెలు కనిపిస్తాయి. స్క్రూల్లా ఉంటాయి గానీ వాటికి గాడి ఉండదు. అవి రివెట్లు. కారు పైభాగాన్ని పోత పోసేటప్పుడే దాని లోపలివైపు రెండు చిన్న పోస్టులు, అంటే పొట్టి స్తంభాల్లాంటివి, కలిపి పోస్తారు. అద్దాలు, సీట్లు, ఇరుసులు, చక్రాలు అన్నీ అమర్చి పైన అడుగు పలక పెట్టాక ఆ పోస్టుల కొసలు పలక రంధ్రాల్లోంచి కాస్త బయటికి వస్తాయి. మిషన్ ఆ కొసల్ని అణిచి వెడల్పు చేస్తుంది. దాంతో పని అయిపోయినట్టే. ఆ కారు మళ్ళీ తెరుచుకోవాలన్న ఆలోచన తయారుచేసినవాళ్ళకు లేదు.

అయినా ప్రపంచమంతటా ఎంతోమంది వాటిని తెరుస్తున్నారు. పాత రంగు ఊడదీసి కొత్తది వేస్తారు, చక్రాలు మారుస్తారు, పైకప్పు కోసేస్తారు, ఫ్యాక్టరీ ఎన్నడూ చేయని బండిని తయారుచేస్తారు. బయటి నుంచి చూసేవాళ్ళకు ఇదంతా పెయింటింగ్ సరదాలా కనిపిస్తుంది. కానీ పని బాగా వచ్చిందా, పాడైందా అన్నది చాలావరకు రంగు డబ్బా తెరవకముందే తేలిపోతుంది. తేల్చేవి మూడు: కారును మూసిన రివెట్, కారును పోసిన జింక్, కారును కుదించిన 64 అనే అంకె. ఈ మూడింటి స్వభావం తెలియకుండా ఎంత ఖరీదైన స్ప్రే కొన్నా డబ్బులు దండగే.

ముందు కొంచెం చరిత్ర. 1953లో లండన్‌లోని లెస్నీ కంపెనీ మ్యాచ్‌బాక్స్ కార్లు మొదలుపెట్టింది. అగ్గిపెట్టెలో పట్టే బొమ్మలు తప్ప ఇంకేవీ స్కూలుకు తేకూడదన్న నియమం వల్ల, జాక్ ఓడెల్ తన కూతురి కోసం చిన్న రోడ్ రోలర్ చేసి అగ్గిపెట్టెలో పెట్టి ఇచ్చాడు. ఆ సిరీస్‌కు అదే పునాది. అవి రోడ్డు మీద తిరిగే బండ్లకు బుద్ధిగా చేసిన నకళ్ళు. 1968లో అమెరికాలో మాటెల్ కంపెనీ హాట్ వీల్స్ తెచ్చినప్పుడు దారి మారింది. మొదటి ఏడాది వచ్చిన 16 కార్లలో పదింటి పేర్లు ‘కస్టమ్’ అనే మాటతోనే మొదలవుతాయి: కస్టమ్ కమారో, కస్టమ్ మస్టాంగ్, కస్టమ్ ఫ్లీట్‌సైడ్, ఇలా. వాటి డిజైనర్ హ్యారీ బ్రాడ్లీ జనరల్ మోటార్స్ నుంచి వచ్చినవాడు. ఆ పదహారులోనే ఉన్న డియోరా, డెట్రాయిట్‌లో నిజంగా తయారైన కస్టమ్ ట్రక్కుకు బొమ్మ రూపం. ఆ ట్రక్కు డిజైన్ కూడా అతనిదే. అంటే కాలిఫోర్నియా, డెట్రాయిట్ షెడ్లలో కుర్రాళ్ళు తమ బండ్లకు చేసుకునే మార్పులు చేర్పులే ఈ బొమ్మకు ముడిసరుకు. మార్చుకోవడం అనే ఆలోచన మీద పుట్టిన బొమ్మను ఎవరూ మార్చలేనట్టు బిగించి అమ్మడం మాత్రం తమాషాగానే ఉంటుంది.

బిగించడానికి కారణాలు లేకపోలేదు. స్క్రూ అంటే విడిగా కొనాల్సిన వస్తువు, దానికి మర కట్టాలి, బిగించే సమయం కావాలి. కోట్లలో తయారయ్యే వస్తువు మీద ఆ కొద్దిపాటి ఖర్చూ పెద్దదే. రివెట్‌కు కావలసిన లోహం బాడీలోనే ఉంది, పని ఒక్క దెబ్బతో అయిపోతుంది. పైగా పసిపిల్లల చేతికిచ్చే వస్తువు తేలిగ్గా విడిపోకూడదు. చిన్న చక్రం, సన్నటి ఇరుసు గొంతులో అడ్డుపడే ప్రమాదం చిన్నది కాదు.

రివెట్ తీయడం

అమెరికా వాళ్ళ వీడియోల్లో రివెట్ తీయడం అర నిమిషం పని. పెద్ద బిట్ పెట్టి డ్రిల్ ఆన్ చేస్తారు, పొడి రాలుతుంది, అడుగు పలక ఊడి వస్తుంది. ఇంట్లో మొదటిసారి చేసేవాళ్ళకు అలా జరగదు. రివెట్ తల గుండ్రంగా, నున్నగా ఉంటుంది కాబట్టి బిట్ జారి పక్కకు పోతుంది. అడుగు పలక ప్లాస్టిక్‌ది అయితే గీతలు పడతాయి, వేడికి కరుగుతుంది కూడా. అందుకని ముందు సెంటర్ పంచ్‌తో తల నడిమధ్య చిన్న గుంట పడేలా ఒక్క దెబ్బ కొట్టాలి. పంచ్ లేకపోతే పదునైన ఉక్కు మేకైనా సరే. గుంట నడిమధ్యన పడకపోతే తర్వాతి పని మొత్తం వంకరే.

అనుభవం ఉన్నవాళ్ళు పెద్ద బిట్ ముందు తీసుకోరు. మొదట 1.6 మిల్లీమీటర్ల బిట్‌తో పోస్ట్ లోపలికి నిటారుగా సన్న రంధ్రం వేస్తారు. ఆ కొలత ఊరికే ఎంచుకున్నది కాదు. తర్వాత కారును మళ్ళీ మూయడానికి వాడే ఎం2 స్క్రూకు (రెండు మిల్లీమీటర్ల మందం ఉండే చిన్న స్క్రూ) మర కట్టాలంటే కావలసిన రంధ్రం సరిగ్గా 1.6. తల ఇంకా ఉండగానే ఈ రంధ్రం వేస్తే పోస్ట్‌కు చుట్టూ గోడ దళసరిగా మిగులుతుంది, పగిలే భయం తక్కువ. ఆ తర్వాతే 3 నుంచి 3.5 మిల్లీమీటర్ల బిట్‌తో పైపైన తలను మాత్రం చెక్కుతారు. తల చుట్టూ పలచటి రింగులా ఊడి బిట్‌కు చుట్టుకోగానే ఆపేయాలి. ఇంకా లోపలికి దిగితే పోస్ట్ పొట్టిదైపోయి, తిరిగి బిగించేటప్పుడు పలక వదులుగా ఊగుతుంది.

సన్న రంధ్రం ఎంత లోతుకు వేయాలన్నది కారును బట్టి ఉంటుంది. ముందు పోస్ట్ సాధారణంగా బానెట్ కిందే ఉంటుంది. బానెట్ వాలుగా ఉన్న స్పోర్ట్స్ కార్లలో అది చాలా పొట్టి. అయిదు మిల్లీమీటర్లు దిగుదామనుకుంటే బిట్ కొస బానెట్ మీద పొడుచుకొస్తుంది. బిట్‌కు కావలసిన లోతు దగ్గర చిన్న టేపు ముక్క చుట్టుకుంటే ఈ టెన్షన్ ఉండదు. ఇంకో చిక్కు పోతలోనే ఉంది. కరిగిన లోహాన్ని అచ్చులోకి ఒత్తిడితో కొట్టేటప్పుడు గాలి చిక్కుకుని లోపల సన్నటి బొరియలు మిగులుతాయి. బిట్ అలాంటి బొరియలోకి దిగితే ఒక్కసారిగా పక్కకు లాగుతుంది. జింక్ మెత్తటి లోహం కాబట్టి చేతితో తిప్పే చిన్న డ్రిల్ అయినా చాలు. ఆలస్యమైనా ఆ తేడా వేళ్ళకు తెలుస్తుంది. కళ్ళద్దాలు మాత్రం తప్పనిసరి. జింక్ పొడి సన్నటి మెరుపు ముక్కలుగా ఎగురుతుంది.

పలక ఊడాక లోపల పెద్ద ఆశ్చర్యాలేమీ ఉండవు. అద్దాలన్నీ కలిసి ఒకే పారదర్శక ప్లాస్టిక్ ముక్క, సీట్లూ స్టీరింగూ డాష్‌బోర్డూ కలిసి ఇంకో ముక్క, రెండు ఇరుసులు. కొన్ని మోడళ్ళలో హెడ్‌లైట్లు అద్దాల ముక్కలోనే భాగంగా ముందుకు సాగి ఉంటాయి. కొన్నింటిలో ముందు గ్రిల్, బంపర్ అడుగు పలకకు అతుక్కుని ఉంటాయి. తీసే క్రమంలో ఒక ఫొటో తీసి పెట్టుకుంటే చాలు.

జింక్ స్వభావం

ఈ కార్ల బాడీ ఇనుము కాదు, అల్యూమినియం కూడా కాదు. జమాక్ అనే జింక్ మిశ్రమం. అమెరికాలోని న్యూజెర్సీ జింక్ కంపెనీ 1929లో దీన్ని రూపొందించింది. ఎక్కువగా వాడే రకంలో సుమారు 4 శాతం అల్యూమినియం, చిటికెడు మెగ్నీషియం, మిగతాదంతా జింకే. 380 నుంచి 390 డిగ్రీల మధ్య కరిగిపోతుంది కాబట్టి ఉక్కు అచ్చులు లక్షల పోతలకు నిలుస్తాయి. సన్నటి సందుల్లోకీ పారుతుంది కాబట్టి తలుపు గీత, దీపం అంచు, కంపెనీ గుర్తు వంటివన్నీ దిగుతాయి. బొమ్మ తయారీకి ఇంతకంటే అనువైన లోహం దొరకడం కష్టం.

దీని శుద్ధత గురించి పరిశ్రమ కష్టపడి నేర్చుకుంది. 1930లలో ఇంగ్లండ్‌లో పోసిన డింకీ బొమ్మల వంటి వాటిలో సీసం, తగరం లాంటి మలినాలు కాస్త కలిసేవి. ఆ మలినాలు లోహపు రేణువుల సరిహద్దుల్లో చేరి, తేమ తగిలిన కొద్దీ లోపలి నుంచి తినుకుంటూ వస్తాయి. బొమ్మ ఉబ్బుతుంది, పగుళ్ళు పడుతుంది, చివరికి వేళ్ళ మధ్య పిండైపోతుంది. దీన్ని జింక్ తెగులు అంటారు. మందు లేదు. అందుకే ఇప్పుడు 99.99 శాతం శుద్ధమైన జింక్‌తోనే మిశ్రమం చేయాలన్నది నియమం. పాత బొమ్మ మీద సన్నటి పగుళ్ళ వల కనిపిస్తే దాన్ని విప్పే సాహసం చేయకపోవడమే మంచిది. బిట్ పెట్టగానే పోస్ట్ విరిగి చేతికొస్తుంది.

విప్పేవాళ్ళకు జింక్‌తో అసలు పేచీ పాత రంగు తీసేటప్పుడు వస్తుంది. ఫ్యాక్టరీ రంగు వేడిలో గట్టిపరిచిన పూత. గోకితే పోదు, గోకితే గీతలు లోహం మీద పడతాయి. ఇక్కడే ఇంట్లో ఉన్న ‘ఘాటైన’ ద్రవాల మీదికి మనసు పోతుంది: బాత్రూం కడిగే యాసిడ్, సింకు పైపులో పోసే కాస్టిక్ సోడా. రెండూ ప్రమాదమే. పదో తరగతి సైన్స్‌లో జింక్ గుళికల మీద ఆమ్లం పోస్తే హైడ్రోజన్ బుడగలు రావడం, సోడియం హైడ్రాక్సైడ్‌తో వేడిచేసినా అదే హైడ్రోజన్ రావడం చాలామంది రాసిన ప్రశ్నే. ఆ గుళికల బదులు ఇప్పుడు పాత్రలో ఉన్నది బొమ్మకారు. ఆమ్లానికీ లొంగి, క్షారానికీ లొంగే లోహాలు కొన్నే ఉన్నాయి. జింక్ వాటిలో ఒకటి, మిశ్రమంలో ఉన్న అల్యూమినియం మరొకటి. రంగుతో పాటు తలుపు గీతలూ కరిగిపోతాయి. మూసిన సీసాలో చేస్తే హైడ్రోజన్ పేరుకుని పేలే ప్రమాదం వేరే.

పనికొచ్చేది పెయింట్ షాపుల్లో దొరికే రిమూవర్ పేస్టు. బ్రష్‌తో పూస్తే కొన్ని నిమిషాల్లో రంగు ముడతలు పడి లేస్తుంది. చేతులకు గ్లవ్స్, గాలి ఆడే చోటు తప్పనిసరి. పాత రకం రిమూవర్లలో ఉండే మిథిలీన్ క్లోరైడ్ ఆవిరి ఊపిరాడనీయకుండా ప్రాణాలు తీసిన సందర్భాలున్నాయి. అందుకే అమెరికా 2019లో దాన్ని మామూలు వినియోగదారులకు అమ్మడం ఆపించింది. అసిటోన్‌లో నానబెట్టే పద్ధతీ ఉంది గానీ అది ప్లాస్టిక్ మీద పడితే అద్దాలు పొగచూరినట్టయి చిట్లుతాయి. కాబట్టి ప్లాస్టిక్ ముక్క ఒక్కటీ మిగలకుండా తీశాకే. కారు మీద ముద్రించిన గీతలు, అంకెలు మాత్రమే నచ్చకపోతే అసలు విప్పాల్సిన పనే లేదు. అసిటోన్‌లో తడిపిన దూదితో మెల్లగా తుడిస్తే చాలా కార్ల మీద ముద్ర పోయి కింది రంగు నిలుస్తుంది. మొదలుపెట్టేవాళ్ళకు ఇదే మంచి మెట్టు, కాకపోతే వీడియోల్లో ఎవరూ దీన్ని గొప్పగా చూపించరు.

రంగు ఊడాక లోహం తళతళలాడుతుంది. వెంటనే హార్డ్‌వేర్ షాపు ఎనామిల్ తెచ్చి పూసేయాలనిపిస్తుంది. ఆరునెలల తర్వాత ఆ రంగు పెచ్చులుగా లేవడం చూసి కంపెనీని తిడతారు. తప్పు ఎనామిల్‌ది కాదు, జత కుదరలేదంతే. గేట్లకు, కిటికీ ఊచలకు వేసే సింథటిక్ ఎనామిల్‌లో నూనె ఆధారం ఉంటుంది. జింక్ మీద తేమతో ఏర్పడే క్షార గుణమున్న పదార్థాలు ఆ నూనెతో కలిసి సబ్బుగా మారతాయి. గాల్వనైజ్డ్ రేకుల మీద రంగు నిలవకపోవడానికీ కారణం ఇదే. పూతకూ లోహానికీ మధ్య సబ్బు పొర ఏర్పడ్డాక ఏ రంగైనా నిలవదు. దీనికి పరిష్కారం కార్ల టింకరింగ్ షెడ్లకు బాగా తెలిసిన ఎచ్ ప్రైమర్. అందులోని ఫాస్ఫారిక్ ఆమ్లం లోహం పైపొరను కొద్దిగా కొరికి పట్టు ఇస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో ఆటో పెయింట్లు, పనిముట్లు అమ్మే దుకాణాల్లో అడిగితే సరిపోతుంది. బొమ్మల కోసం ప్రత్యేకంగా అమ్మే దిగుమతి ప్రైమర్ కోసం మూడింతలు పెట్టనక్కరలేదు. హార్డెనర్ కలిపే టూకే రంగుల జోలికి మాత్రం సరైన మాస్క్ లేకుండా పోకూడదు. వాటిలోని ఐసోసైనేట్లు ఆస్తమా తెచ్చిపెడతాయి.

1968 నాటి హాట్ వీల్స్ మెరుపుకు కూడా మూలం ఈ లోహమే. స్పెక్ట్రాఫ్లేమ్ అని పిలిచే ఆ రంగు అసలు గట్టి రంగే కాదు; మెరుగుపెట్టిన లోహం మీద వేసిన పారదర్శకమైన రంగు పూత. వెలుతురు పూతను దాటి లోహాన్ని తాకి వెనక్కి వస్తుంది. ఇంట్లో దాన్ని తెద్దామంటే ప్రైమర్ వేయకూడదు, వేస్తే లోహం కనిపించదు. వేయకపోతే పట్టు తక్కువ. పైగా బ్రాసో లాంటి పాలిష్‌తో మెరుగుపెట్టిన తర్వాత దాని జిడ్డు కాస్త మిగిలినా పూత కన్నాలు కన్నాలుగా విడిపోతుంది. అందుకే ఈ రకం పని బాగా వచ్చినవాళ్ళకు హాబీలో ఒక ప్రత్యేక గౌరవం ఉంది. అది న్యాయమే.

64 లెక్క

ఈ కార్లను 1:64 స్కేలు అంటారు, అంటే నిజం కారు కొలతల్లో 64వ వంతు. హాట్ వీల్స్ విషయంలో ఇది మాటవరసకే. కారైనా బస్సైనా ఒకే ప్యాక్‌లో పట్టాలి కాబట్టి చిన్న కారును కాస్త పెద్దగా, పెద్ద బండిని బాగా చిన్నగా చేస్తారు. అయినా 64ను ఆధారంగా తీసుకుని కొన్ని లెక్కలు వేస్తే చాలా సంగతులు అర్థమవుతాయి.

డబ్బా స్ప్రేతో ప్రైమర్, రంగు, పైన వేసే పారదర్శకమైన క్లియర్ కోట్ కలిపి పూత మందం సుమారు 0.1 మిల్లీమీటర్ అవుతుంది. రోడ్డు మీద కారుకు ఫ్యాక్టరీలో వేసే పూతలన్నీ కలిపినా మందం దాదాపు అంతే. కానీ బొమ్మ మీద ఆ 0.1ని 64తో హెచ్చిస్తే 6.4 మిల్లీమీటర్లు. అంటే నిజం కారు ఒంటినిండా అర సెంటీమీటర్ దాటిన మందాన పుట్టీ మెత్తినట్టు. నిజం కారు తలుపుకూ బాడీకీ మధ్య సందు నాలుగు మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. 64వ వంతుకు కుదిస్తే అది 0.06. పూత మందం కంటే సందే సన్నం! అందుకే అచ్చు చెక్కేవాళ్ళు ఆ గీతలను అసలుకంటే బాగా వెడల్పుగా, లోతుగా పెడతారు. అలా పెట్టినా ఇంట్లో నాలుగు పూతలు వేసేసరికి గీతలు పూడుకుపోయి, కారు సబ్బుముక్కలా తయారవుతుంది. ఇంట్లో చేసిన కస్టమ్‌ను దూరం నుంచే పట్టిచ్చే లక్షణం ఇదే.

దీనికి మందు, రంగు వేయకముందే పడాలి. కొందరు పాత బ్లేడు వీపుతోనో సూదితోనో ప్రతి గీతనూ ముందుగా మరింత లోతు చేస్తారు. ఎయిర్‌బ్రష్ ఉన్నవాళ్ళు పలచగా కలిపి, పొగమంచులా రెండు మూడు పూతలతో సరిపెడతారు. ఎండిన తర్వాత గీతల్లో పలచటి నలుపు పారించి తుడిస్తే సందు ఉన్నట్టు కన్ను భ్రమపడుతుంది. చక్కటి ఎరుపు రంగు కంటే ఈ నలుపు గీత కారుకు ఎక్కువ ప్రాణం పోస్తుంది.

మెటాలిక్ రంగులదీ ఇదే కథ. అసలు కార్ల మెటాలిక్ పెయింట్‌లోని అల్యూమినియం రేకులు ఒక్కోటీ సుమారు 20 మైక్రాన్లు. 64తో హెచ్చిస్తే 1.3 మిల్లీమీటర్ల దాకా వస్తుంది. ఆటో పెయింట్ షాపులో తమ సొంత కారు రంగునే కలిపించుకుని బొమ్మకు వేసినవాళ్ళు అది ఏదో నాటకం కిరీటంలా మెరుస్తోందని నిరాశపడటం వెనక ఉన్న లెక్క ఇదీ. రంగు అదే, రేకులు మాత్రం కుదించుకోలేదు. నెయిల్ పాలిష్ మెరుపు రకాల్లో రేకులు ఇంకా పెద్దవి. సరదా కారుకు బాగుంటాయి, నిజం బండిలా కనిపించాలంటే పనికిరావు.

బరువు దగ్గర లెక్క మరీ విడ్డూరంగా వస్తుంది. పొడవు 64వ వంతయితే ఘనపరిమాణం 2,62,144వ వంతు. వెయ్యి కిలోల కారు అదే లెక్కన 4 గ్రాములైనా తూగకూడదు. లోహపు అడుగు ఉన్న బొమ్మకారు తూకం 35 గ్రాముల చుట్టుపక్కల. నిజం కారులో లోపలంతా ఖాళీ, పైన పలచటి రేకు. బొమ్మలో గోడ దళసరిగా ఉన్న జింక్. చేతిలో పెట్టగానే కలిగే ఆ గట్టి భావన, నున్నటి ట్రాక్ మీద జారే వేగం ఈ అతి బరువు పుణ్యమే. ప్లాస్టిక్ అడుగు వచ్చాక కార్లు తేలికైపోయాయని పాతవాళ్ళు సణగడంలో అర్థం ఉంది.

చక్రాలు, ఎత్తు

కస్టమ్ కారును మామూలు కారు నుంచి వేరు చేసేది రంగు కంటే చక్రాలే. మామూలు మోడళ్ళకు గట్టి ప్లాస్టిక్ చక్రాలు ఉంటాయి. ఖరీదైన వాటికి రబ్బరు టైర్లు. 1983లో రియల్ రైడర్స్ పేరుతో మొదలైన రబ్బరు టైర్లంటే ఇప్పటికీ మోజే. ఒక కారు చక్రాలు తీసి ఇంకోదానికి పెట్టడం చెప్పినంత తేలిక కాదు. ఇరుసు పొడవు మారుతుంది, ముందు వెనక చక్రాల సైజులు మారతాయి. టైరు ఫెండర్‌కు ఒరుసుకుంటే ఇంత కష్టపడి చేసిన కారు దొర్లదు. ఇరుసును మధ్యలో కత్తిరించి, రెండు ముక్కల్నీ సన్నటి ఇత్తడి గొట్టంలో దూర్చి కావలసిన వెడల్పుకు అతికించడం వాడుకలో ఉన్న ఉపాయం. గొట్టం దొరక్కపోతే వాడని ఇంజెక్షన్ సూదిని ముక్క కోసి వాడతారు. కోసేటప్పుడు ఎటు ఎగురుతుందో చూసుకోవాలి.

ఎత్తు విషయంలో 64 మళ్ళీ వస్తుంది. అర మిల్లీమీటర్ కిందికి దించితే నిజం కారును 32 మిల్లీమీటర్లు దించినట్టు. అడుగు పలకలో ఇరుసు కూర్చునే గాడిని ఆకురాయితో నాలుగు రుద్దులు రుద్దితే అంత తేడా వచ్చేస్తుంది. రెండువైపులా సమానంగా రుద్దకపోతే కారు ఒకవైపు వాలి, ఎంత గొప్ప రంగు వేసినా పంక్చరైన బండిలా కనిపిస్తుంది. ముందు కొంచెం రుద్దడం, అమర్చి చూడటం, మళ్ళీ రుద్దడం తప్ప ఇక్కడ దగ్గర దారి లేదు.

బాడీనే కోసి పొడవు పెంచడం, పైకప్పు దించడం లాంటివి చేసేవాళ్ళకు లోహం మళ్ళీ అడ్డుపడుతుంది. జింక్ తక్కువ వేడికే కరుగుతుంది, పైన ఆక్సైడ్ పొర పట్టుకుని ఉంటుంది. మామూలు టంకం అంటదు, అంటించాలని వేడి పెంచితే ఫెండర్ జారిపోతుంది. కాబట్టి కోసిన ముక్కల్ని ఎపాక్సీతోనే కలపాలి. మన ఇళ్ళలో పైపు లీకులకు వాడే ఎమ్-సీల్ ఈ పనికి భేషుగ్గా సరిపోతుంది. గట్టిపడ్డాక వాటర్ పేపర్‌తో నున్నగా రుద్దుకోవచ్చు. ఫెవిక్విక్ లాంటి జిగురు మాత్రం అద్దాల దగ్గర వద్దు. దాని ఆవిరి ప్లాస్టిక్ మీద తెల్లటి మసకగా పేరుకుంటుంది. అద్దాలకు తెల్ల ఫెవికాల్ చాలు, ఆరాక కనిపించదు.

కోస్తా ఊళ్ళలో వానాకాలం ఇంకో సమస్య తెస్తుంది. స్ప్రేలోని ద్రావణి వేగంగా ఆవిరైతే ఉపరితలం చల్లబడుతుంది, గాల్లోని తేమ అక్కడే చేరుతుంది, క్లియర్ కోట్ పాలు కలిపినట్టు తెల్లబడుతుంది. విశాఖలోనో కాకినాడలోనో ముసురు రోజున స్ప్రే చేయడం కంటే ఒకరోజు ఆగడం తెలివైన పని. ఆగలేకపోతే పలచగా, పూతకూ పూతకూ మధ్య ఎక్కువ ఎడమిచ్చి వేయాలి.

రంగు మీద అంకెలు, కంపెనీ గుర్తుల కోసం నీళ్ళలో నానబెట్టి అంటించే డెకాల్ కాగితం వాడతారు. మామూలు ప్రింటర్ తెలుపును ముద్రించలేదు. ముదురు రంగు కారు మీద ఎరుపు అంకె అంటిస్తే అది దాదాపు మాయమవుతుంది. అప్పుడు తెల్ల అడుగున్న కాగితమే గతి. ఇంక్‌జెట్ అయితే నీళ్ళలో ముంచేముందు దాని మీదా క్లియర్ వేయాలి, లేకుంటే ఇంకు కారిపోతుంది.

మళ్ళీ మూశాక

అన్నీ అమర్చి మూసేటప్పుడు ముందే వేసుకున్న 1.6 రంధ్రంలో ఎం2 ట్యాప్‌తో, అంటే మర కోసే ఉక్కు పనిముట్టుతో, మర కడతారు. సగం చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి, ఒక చుక్క నూనె. తొందరపడితే ట్యాప్ లోపలే విరిగి, పోస్ట్‌తో పాటు కారూ పోతుంది. జిగురుతో మూసేవాళ్ళూ ఉన్నారు గానీ స్క్రూ అయితే చక్రం నచ్చనప్పుడు మళ్ళీ విప్పుకోవచ్చు. ఫ్యాక్టరీ ఇవ్వని ఆ సౌకర్యం ఈ పని ద్వారా దక్కుతోందంటే, రంగు కంటే అదే పెద్ద మార్పు అనాలి.

ఇక డబ్బు సంగతి. సేకర్తల లెక్కలో ప్యాక్ చించని కారుకే విలువ. రివెట్ తొలిచిన మరుక్షణం ఆ విలువ పోతుంది. సాదా మోడల్‌కు దీనివల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు. అరుదైన వాటి విషయం అలా కాదు. ఒకప్పుడు మన దేశంలోనే లియో పేరుతో హాట్ వీల్స్ తయారయ్యాయి. బయటి దేశాల్లో రాని రంగుల్లో వచ్చినందుకు వాటిని ఇప్పుడు విదేశీయులు వెతుక్కుంటున్నారు. అటక మీద దొరికిన అలాంటి కారును, పెచ్చులూడినా సరే, రిమూవర్‌లో ముంచకూడదు. విప్పడానికి పనికొచ్చేవి చక్రాలు వంగిన, పిల్లలు ఆడి ఆడి వదిలేసిన సాదా కార్లు. ఇక్కడ బొమ్మల మీద దిగుమతి సుంకం 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. 2021 జనవరి నుంచి బొమ్మలకు భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) గుర్తూ తప్పనిసరి అయింది. కొత్త కారు కొని తొలచడం అమెరికా కుర్రాడికి డాలరు పైచిలుకు ఖర్చు. మనకు అంత తేలిగ్గా పోయేది కాదు. పాత కార్ల సంచీ ఇక్కడ ఇంకా విలువైనది అందుకే.

విప్పగలిగే చేతికి మోసం చేయడమూ తెలుసు. 1995లో మాటెల్ ట్రెజర్ హంట్ పేరుతో అరుదైన కార్లు మొదలుపెట్టింది; 2007 నుంచి వాటిలో స్పెక్ట్రాఫ్లేమ్ రంగు, రబ్బరు టైర్లు ఉన్న సూపర్ రకం వేరుగా వస్తోంది. అదే మోడల్ సాదా కారు తీసుకుని, రివెట్ తొలిచి, రబ్బరు టైర్లు వేసి, మెరుపు పూత పూసి సూపర్ పేరుతో అమ్మే వాళ్ళున్నారు. 1960ల కార్లకు కొత్త చక్రాలు వేసి, తొలచిన రివెట్ మీద తలను మళ్ళీ అణిచి పాతదిగా చలామణి చేయడమూ ఉంది. కొనేవాళ్ళు రంగు చూసి మురిసే ముందు కారును తిరగేసి భూతద్దం పెట్టాలి. ఫ్యాక్టరీ రివెట్ తల అంచు ఒకే తీరుగా, చుట్టూ పలక మీద గీత లేకుండా ఉంటుంది. తొలచి మళ్ళీ కొట్టినది ఒకవైపు ఎక్కువ పరుచుకుని, బిట్ గీసిన సన్నటి వలయం చూపిస్తుంది. నిజాయితీగా చేసేవాళ్ళు అడుగు పలక మీద తమ పొడి సంతకం, సంవత్సరం చెక్కుతారు. కస్టమ్ కొనేటప్పుడు ఆ గుర్తు లేకపోతే అడగడంలో మొహమాటం అక్కరలేదు.

మార్చిన కారును చిన్నపిల్లలకు తిరిగి ఇవ్వకూడదు. 2007లో ఒక యానిమేషన్ సినిమా పాత్ర పేరుతో వచ్చిన జీప్ బొమ్మ రంగులో సీసం ఎక్కువగా ఉందని మాటెల్ ప్రపంచవ్యాప్తంగా 4,36,000 కార్లను వెనక్కి పిలిపించింది. ఫ్యాక్టరీ పరిశీలన ఉన్న చోటే అలా జరిగింది. మన దగ్గర ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) మించకూడదన్న నిబంధన 2017 నుంచి అమల్లో ఉంది గానీ అది గృహ, అలంకార రంగులకు. ఆటో పెయింట్ డబ్బా మీద ఆ హామీ వెతకడం వృథా. పైగా ఎం2 స్క్రూ వదులైతే కారులోని ప్రతి ముక్కా పసివాడి నోట్లో పట్టేదే. పిల్లలకు సరదా తీర్చాలంటే రివెట్ ముట్టుకోకుండా, పైన స్టిక్కర్లు అంటించుకునే కారు ఒకటి పక్కన పెడితే సరి.